తోకచుక్క వస్తోందా? మొదటి వార్త నుంచి చివరి చూపు దాకా దాన్ని ఎలా వెంబడించాలి

కంటికి కనిపించే తోకచుక్క వస్తోందని వార్త రాగానే ఎక్కువమంది ఒకే పని చేస్తారు. అది భూమికి అతి దగ్గరగా వచ్చే తేదీ చూసుకుని, ఆ ఒక్క రాత్రి మేడ ఎక్కి, తల పైకెత్తి కాసేపు వెతికి, ఏమీ కనపడలేదని దిగిపోతారు. ఆ రోజు దాన్ని చూడటానికి మంచి రోజు కాకపోవచ్చు, వాళ్ళు వెతికిన గంటకి అది దిగంతం కిందే ఉండి ఉండొచ్చు. గ్రహణంలా ఫలానా రోజు ఫలానా నిమిషానికి జరిగి అయిపోయేది కాదిది. వారాల తరబడి ఆకాశంలో ఉంటుంది, రోజూ కాస్త జరుగుతుంది, రోజూ కాస్త మారుతుంది. ఆ మార్పుని వెంబడించడంలోనే అసలు ఆనందం ఉందని నా గట్టి నమ్మకం. అందుకని ఈ మార్గదర్శిని రాసింది వరుసగా రెండు మూడు వారాలు చూడాలనుకునేవాళ్ళ కోసం. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు, ముందస్తు తయారీ మాత్రం కావాలి.

1. ముందు దాని జాతకం తెలుసుకోండి

పూర్తి పేరుతో మొదలుపెట్టండి. 2024 అక్టోబర్‌లో ప్రపంచమంతా చూసిన తోకచుక్క పూర్తి పేరు సీ/2023 ఏ3 సుచిన్‌షాన్-అట్లాస్. మొదట్లో 'సీ' ఉంటే బాగా పొడవాటి కక్ష్యలో వస్తున్నదని, మన జీవితకాలంలో మళ్ళీ రాదని దాదాపుగా అనుకోవచ్చు. 'పీ' ఉంటే హాలీలాగా 200 ఏళ్ళ లోపు తిరిగి వచ్చేది. తర్వాతది కనుగొన్న సంవత్సరం, ఆ పక్కన అక్షరం ఏ నెలలో ఏ సగమో చెబుతుంది (ఏ అంటే జనవరి మొదటి సగం), అంకె ఆ సగంలో ఎన్నోదో. ఇదంతా ఎందుకంటే, ఆకాశాన్ని గాలించే అట్లాస్ అనే సర్వే ఏటా బోలెడు తోకచుక్కల్ని పట్టుకుంటుంది, వాటన్నిటికీ ఇంటిపేరు అదే. ఒట్టి 'అట్లాస్' అని వెతికితే వేరే తోకచుక్క వివరాలు చూసుకుని వేరే దిక్కుకి తిరిగి నిలబడాల్సి వస్తుంది.

పేరు దొరికాక నాలుగు విషయాలు రాసుకోండి: సూర్యుడికి అతి దగ్గరగా వెళ్ళే రోజు (పరిహేళి), అప్పుడు సూర్యుడి నుంచి దూరం, భూమికి అతి దగ్గరగా వచ్చే రోజు, అప్పుడు మన నుంచి దూరం. ఈ నాలుగూ కలిపి చూడాలి. విడివిడిగా చూస్తే మోసపోతాం. హేల్-బాప్ 1997లో భూమికి 19 కోట్ల కిలోమీటర్ల కంటే దగ్గరికి రానేలేదు, అయినా ఏడాదిన్నర పాటు మామూలు కంటికి కనిపించింది. దాని కేంద్రకం, అంటే తల లోపల ఉండే మంచు, ధూళి ముద్ద, కొన్ని పదుల కిలోమీటర్లు ఉండటమే కారణం. 2018 డిసెంబర్ 16న 46పీ/విర్టానెన్ కేవలం కోటీ 16 లక్షల కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. దాని కేంద్రకం కిలోమీటరు పైచిలుకే కాబట్టి, అంత దగ్గరికి వచ్చినా చీకటి ఆకాశంలో ఒక పలచని మరకలా మాత్రమే కనిపించింది. కాబట్టి 'భూమికి దగ్గరగా' అన్న హెడ్‌లైన్ చూసి ఎగిరి గంతేయకండి.

2. మాగ్నిట్యూడ్ అంకెని గుడ్డిగా నమ్మకండి

వెలుగుని కొలిచే మాగ్నిట్యూడ్ స్కేల్‌లో అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది. బాగా చీకటి చోట మామూలు కన్ను 6 దాకా చూస్తుంది, సగటు నగరంలో 3 దాటితే కష్టం. తోకచుక్క అంచనా వేసేటప్పుడు వాడే సూత్రంలో రెండు దూరాలు ఉంటాయి. భూమి నుంచి దూరం సగమైతే వెలుగు 4 రెట్లవుతుంది, అంటే 1.5 మాగ్నిట్యూడ్ పెరుగుతుంది. సూర్యుడి నుంచి దూరం సగమైతే సాధారణంగా 16 రెట్లు, అంటే 3 మాగ్నిట్యూడ్లు పెరుగుతుందని లెక్క వేస్తారు, ఎందుకంటే వెలుతురు పెరగడమే కాకుండా వేడికి మంచు ఆవిరై గ్యాస్, ధూళి కూడా ఎక్కువగా బయటికి వస్తాయి. ఈ రెండో భాగమే తంటా. ఏ తోకచుక్క ఎంత ఆవిరవుతుందో ముందే చెప్పలేం. 1973లో కోహూటెక్ మీద పెట్టుకున్న ఆశలు నెరవేరలేదు, 2013 నవంబర్ 28న ఐసాన్ సూర్యుడి పక్కగా వెళ్ళి ముక్కలైపోయింది, 2020 వసంతంలో సీ/2019 వై4 అట్లాస్ సూర్యుడి దగ్గరికి చేరకముందే విరిగిపోయింది. అదే 2020లో నియోవైజ్ మాత్రం జూలై 3న పరిహేళిని క్షేమంగా దాటి నెలంతా కనువిందు చేసింది.

ఇంకో చిక్కు ఉంది. నక్షత్రం వెలుగంతా ఒక చుక్కలో ఉంటుంది, తోకచుక్కది పరుచుకుని ఉంటుంది. 4వ మాగ్నిట్యూడ్ నక్షత్రం ఇట్టే కనిపించే చోట, అదే 4 అంకె ఉన్న తోకచుక్క పూర్ణచంద్రుడంత వెడల్పున పరుచుకుని ఉంటే ఆకాశపు వెలుతురులో కలిసిపోతుంది. విర్టానెన్ చాలామందికి దొరకకపోవడానికి కారణం అదే. కాబట్టి అంకెతో పాటు తల ఎంత చిక్కగా ఉందో కూడా చూడాలి. దీనికి డీసీ అని 0 నుంచి 9 దాకా ఒక కొలత వాడతారు: 0 అంటే అంతటా ఒకేలా పలచగా ఉన్నట్టు, 9 అంటే నక్షత్రంలా గట్టిగా ఉన్నట్టు. డీసీ 6, 7 ఉంటే నగరం నుంచి కూడా ధైర్యంగా ప్రయత్నించవచ్చు.

మరి దేన్ని నమ్మాలి? నిన్నా మొన్నా నిజంగా చూసినవాళ్ళు ఇచ్చిన అంకెల్ని. స్లోవేనియాలోని చర్నీ వర్హ్ అబ్జర్వేటరీ నడిపే కాబ్స్ అనే డేటాబేస్‌లో ప్రపంచవ్యాప్తంగా పరిశీలకులు పంపిన కొలతలు, గ్రాఫులు ఉంటాయి. గ్రాఫులో ముందస్తు అంచనా గీత కంటే ఈ కొలతల చుక్కలు పైన ఉన్నాయా కింద ఉన్నాయా అన్నది వారానికి రెండుసార్లు చూసుకుంటే పరిస్థితి అర్థమైపోతుంది.

3. మీ ఊరికి, మీ టైముకి పట్టిక వేసుకోండి

ఈ మెట్టు దగ్గర ఒక గంట కూర్చుంటే మిగతాదంతా సులువు.

కంప్యూటర్‌లో స్టెల్లేరియం వేసుకోండి, ఉచితమే. అందులో సోలార్ సిస్టమ్ ఎడిటర్ అనే ప్లగిన్ ద్వారా తోకచుక్కల, గ్రహశకలాల కొలతలు సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్ నుంచి తోకచుక్క కక్ష్య వివరాలు తాజాగా దింపుకోవాలి. పాత వివరాలతో వెతకొద్దు, కొత్తగా కనుగొన్న తోకచుక్కల కక్ష్యని కొలతలు పెరిగేకొద్దీ సవరిస్తూ ఉంటారు. ఇంకా కచ్చితంగా కావాలంటే నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వాళ్ళ హొరైజన్స్ సేవలో తోకచుక్క పేరు, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీలు ఇస్తే పట్టిక వస్తుంది. అందులో ఎత్తు, దిశ, సూర్యుడి నుంచి కోణీయ దూరం అడగండి. కోణీయ దూరం పక్కన 'టీ' అక్షరం ఉంటే సూర్యుడి వెనక వస్తోందని, అంటే సాయంత్రం చూడాలని. 'ఎల్' ఉంటే ముందు నడుస్తోందని, తెల్లవారుజామున లేవాలని.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని రాబోయే మూడు వారాలకి ఒక్కో రోజుకీ ఒక్కో వరుస రాయండి. సూర్యుడు దిగంతానికి 12 డిగ్రీలు కిందికి దిగే టైము ఎంత, ఆ టైముకి తోకచుక్క ఎత్తు ఎంత, ఏ దిక్కున, చంద్రుడు ఉన్నాడా లేడా. అంతే. ఎత్తు 5 డిగ్రీల లోపు ఉన్న రోజుల్ని, తోకచుక్క మరీ ప్రకాశవంతమైతే తప్ప, కొట్టేయండి. శుభ్రమైన గాలిలో కూడా 10 డిగ్రీల ఎత్తులో దాదాపు ఒక మాగ్నిట్యూడ్ వెలుగు గాలిలోనే పోతుంది, 5 డిగ్రీల దగ్గర రెండు దాకా పోతుంది, ఇక దుమ్ము, పొగమంచు ఉంటే చెప్పక్కర్లేదు. 10 నుంచి 20 మధ్య ఉంటే దిగంతం ఖాళీగా ఉన్న చోటు కావాలి. 20 దాటితే హాయి.

ఈ పట్టిక విలువ ఏంటో సుచిన్‌షాన్-అట్లాస్ ఉదాహరణతో చెబుతాను. అది 2024 సెప్టెంబర్ 27న సూర్యుడికి దగ్గరగా వెళ్ళింది, అక్టోబర్ 12న భూమికి దగ్గరగా, సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. అత్యంత ప్రకాశంగా ఉన్నది మాత్రం అక్టోబర్ 9 ప్రాంతంలో, మనకీ సూర్యుడికీ దాదాపు మధ్యలోకి వచ్చినప్పుడు. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము రేణువులు ఎదురుగా చూస్తే మెరిసినట్టే, తోకచుక్క ధూళి కూడా వెనక నుంచి ఎండ పడితే విపరీతంగా మెరుస్తుంది. కానీ అప్పుడది సూర్యుడి పక్కనే ఉంది, సూర్యుణ్ణి గమనించే సోహో వ్యోమనౌక కెమెరాలకి తప్ప ఎవరికీ సరిగ్గా దొరకలేదు. అక్కడి నుంచి రోజూ పడమటి ఆకాశంలో చకచకా పైకెక్కుతూ, అదే సమయంలో మసకబారుతూ పోయింది. 14న శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ మధ్యలో ఉంది. 17న పౌర్ణమి వచ్చి తోకని మింగేసింది. వెలుగు తగ్గుతూ, ఎత్తు పెరుగుతూ, వెన్నెల అడ్డొస్తూ ఉన్న ఈ మూడింటి మధ్య మంచి రోజులు ఏవో 'అతి దగ్గరగా వచ్చే తేదీ' చెప్పదు. పట్టిక చెబుతుంది.

4. చోటు, చీకటి, చంద్రుడు

పగటిపూట వెళ్ళి చూసి రండి. మీకు కావలసిన దిక్కున చెట్లు, భవనాలు లేకుండా దిగంతం దాకా కనిపించాలి. ఊరి వెలుగులు ఆ దిక్కున ఉండకూడదు, అంటే పడమర చూడాలంటే ఊరికి పడమర వైపు వెళ్ళాలి. తోక చూడాలంటే చీకటి తప్పదు. తల ఒక్కటే చాలు అనుకుంటే మేడ మీద నుంచి కూడా బైనాక్యులర్స్‌తో దొరుకుతుంది. వెన్నెల విషయంలో రాజీ పడొద్దు: పౌర్ణమి దాటాక చంద్రుడు రోజురోజుకీ ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి, రెండు మూడు రోజులు ఆగితే చీకటి పడ్డాక చంద్రుడు వచ్చేలోపు కాస్త ఖాళీ దొరుకుతుంది.

ఒంటరిగా ఊరి బయటికి వెళ్ళకండి. తోడు ఉంటే ఇంకో జత కళ్ళు కూడా కలిసొస్తాయి.

5. కళ్ళు, బైనాక్యులర్స్

కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఫోన్ స్క్రీన్ ఒక్కసారి చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫోన్ చూడక తప్పదనుకుంటే స్క్రీన్‌ని ఎరుపు మోడ్‌లో పెట్టండి.

ఒకే ఒక పరికరం కొనాలంటే టెలిస్కోప్ వద్దు, 7×50 లేదా 10×50 బైనాక్యులర్స్ తీసుకోండి. 10×50లో ఒకేసారి 6 డిగ్రీల పైచిలుకు ఆకాశం కనిపిస్తుంది, అంటే 12 పూర్ణచంద్రుల వెడల్పు. తోకచుక్కని వెతకడానికీ, తోకని మొత్తంగా చూడటానికీ అదే కావాలి. యూజీ హ్యాకుటాకే 1996 జనవరిలో తన పేరు మోసిన తోకచుక్కని పట్టింది కూడా పెద్ద బైనాక్యులర్స్‌తోనే. టెలిస్కోప్ ఉంటే తల మధ్యభాగాన్ని దగ్గరగా చూడటానికి పనికొస్తుంది, అది తర్వాత సంగతి.

6. ఆ రాత్రి దాన్ని పట్టుకోవడం

ముందు భద్రత. సూర్యుడు పూర్తిగా అస్తమించేదాకా బైనాక్యులర్స్ ఆ దిక్కుకి ఎత్తొద్దు, తెల్లవారుజామున చూస్తుంటే సూర్యోదయానికి ముందే దించేయండి. ఒక్క క్షణం సూర్యుడు లెన్సులో పడినా చూపు పోతుంది. ఈ ఒక్క విషయంలో 'పర్లేదులే' అనే మాటే లేదు, పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు పక్కనే ఉండండి.

సూర్యాస్తమయమైన అరగంట తర్వాత, ఆకాశంలో మొదట కనిపించిన గ్రహం మీదో నక్షత్రం మీదో బైనాక్యులర్స్ పెట్టి ఫోకస్ చేయండి. చుక్క సూదిమొనలా కనిపించాలి. ఫోకస్ తప్పితే తోకచుక్క పక్కనే ఉన్నా కనపడదు. ఇప్పుడు చేయి పూర్తిగా చాచండి: బిగించిన పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు, మధ్య మూడు వేళ్ళు 5 డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. మీ పట్టికలో తోకచుక్క 14 డిగ్రీల ఎత్తులో, శుక్రుడికి కుడివైపు 20 డిగ్రీల దూరంలో అని ఉంటే, శుక్రుడి నుంచి రెండు పిడికిళ్ళు కుడికి, దిగంతం నుంచి పిడికిలి మీద మూడు వేళ్ళు పైకి. పిడికిలి లెక్కలో ఒకటి రెండు డిగ్రీలు అటూఇటూ అయినా బైనాక్యులర్స్ వెడల్పులో పడిపోతుంది. అక్కడ బైనాక్యులర్స్ పెట్టి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, అడ్డంగా తిప్పుతూ వెళ్ళండి, చివరికి వచ్చాక సగం వెడల్పు కిందికి దించి వెనక్కి రండి. ఫోన్ కంపాస్ దగ్గర్లో కారో ఇనుప రెయిలింగో ఉంటే దారుణంగా తప్పు చూపిస్తుంది, దాని కంటే నక్షత్రాలే నమ్మకస్తులు.

నక్షత్రాలన్నీ చుక్కల్లా ఉన్నచోట ఒకటి మాత్రం ఎంత ఫోకస్ చేసినా మసగ్గా ఉంటే ఆగండి. సూటిగా కాకుండా దానికి కొద్దిగా పక్కకి చూడండి, కంటి రెటీనాలో పక్క భాగానికి మసక వెలుతురు బాగా అందుతుంది, మరక ఒక్కసారిగా పెద్దదవుతుంది, తోక ఏ వైపు సాగిందో తెలుస్తుంది. తోక సూర్యుడు అస్తమించిన వైపుకి దూరంగా సాగి ఉంటే, మీకు దొరికింది అదే. తోక లేకపోతే మాత్రం మ్యాప్‌తో సరిచూసుకోండి, ఎందుకంటే గెలాక్సీలూ గోళాకార నక్షత్ర గుచ్ఛాలూ చిన్న పరికరాల్లో అచ్చం తోకచుక్క తలలాగే ఉంటాయి. 18వ శతాబ్దంలో షార్ల్ మెస్సియే తన ప్రసిద్ధ జాబితా తయారుచేసింది తోకచుక్కల వేటలో ఈ పొరపాటు జరగకుండా ఉండటానికే.

7. ఏం చూడాలి

తల మధ్యలో నక్షత్రం లాంటి గట్టి చుక్క ఉందా? మీకు కనిపించేది కేంద్రకం అనుకోకండి, అది కొన్ని కిలోమీటర్ల ముద్ద, దాన్ని కప్పేసిన ధూళి, గ్యాస్ మాత్రమే మనకి కనిపిస్తాయి. ఫొటోల్లో ఆకుపచ్చగా కనిపించే తల మీ కంటికి బూడిద రంగులో ఉంటే నిరాశ పడొద్దు, మసక వెలుతురులో కన్ను రంగులు పట్టదు. ఆ ఆకుపచ్చ రెండు కార్బన్ పరమాణువులు కలిసిన డైకార్బన్‌ది, సూర్యకాంతికి అది త్వరగా విరిగిపోతుంది కాబట్టి తోక మాత్రం ఎప్పుడూ పచ్చగా ఉండదు.

తోకలు రెండు. పసుపు ఛాయ తెలుపులో, వెడల్పుగా, కాస్త వంపు తిరిగి ఉండేది ధూళి తోక, కంటికి దొరికేది ఎక్కువగా ఇదే. నీలంగా, సన్నగా, సూర్యుడికి సూటిగా వ్యతిరేక దిశలో ఉండేది అయాన్ తోక, అంటే విద్యుదావేశం ఉన్న గ్యాస్ తోక, ఇది సౌర పవనం (సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం) ఎటు తోస్తే అటు పోతుంది, కాబట్టి రాత్రికీ రాత్రికీ ఆకారం మారుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది కూడా. తోకచుక్క కక్ష్య ఉన్న సమతలాన్ని భూమి దాటే రోజుల్లో సూర్యుడి వైపుకి సన్నని ముల్లులా ఎదురు తోక కూడా కనిపించవచ్చు. 1957లో ఆరెండ్-రోలాండ్‌కీ, 2024 అక్టోబర్ మధ్యలో సుచిన్‌షాన్-అట్లాస్‌కీ అలాగే కనిపించింది.

కదలికని మాత్రం తప్పకుండా చూడండి, నాకైతే అన్నిటికంటే ఇదే ఇష్టం. రోజుకి 4 డిగ్రీలు జరిగే తోకచుక్క గంటకి చంద్రబింబంలో మూడో వంతు దూరం పోతుంది. కాగితం మీద ఒక గుండ్రం గీసి, బైనాక్యులర్స్‌లో తలకి దగ్గర్లో ఉన్న నాలుగైదు నక్షత్రాలు పెట్టండి, తల ఎక్కడుందో గుర్తు పెట్టండి. ముప్పావు గంట తర్వాత మళ్ళీ చూసి రెండో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య ఎడం కనిపిస్తుంది. హ్యాకుటాకే 1996 మార్చి 25న కోటీ 50 లక్షల కిలోమీటర్ల దూరంలో పోయినప్పుడు కొన్ని నిమిషాల్లోనే ఈ కదలిక తెలిసింది.

8. కొలవండి, రాయండి

తల వెలుగు కొలవడానికి లోపల-బయట పద్ధతి, అంటే సిడ్‌విక్ పద్ధతి, మొదటివాళ్ళకి బాగా కుదురుతుంది. తోకచుక్కని సరైన ఫోకస్‌లో చూసి దాని తల సగటు వెలుగుని మనసులో పెట్టుకోండి. ఇప్పుడు అదే ఎత్తులో ఉన్న తెలిసిన నక్షత్రం వైపు తిప్పి, ఫోకస్ చెడగొట్టి, అది తోకచుక్క తలంత వెడల్పు అయ్యేదాకా పరిచేయండి. ఏది ప్రకాశంగా ఉంది? 4.2 నక్షత్రం కాస్త ఎక్కువగా, 5.0 నక్షత్రం అంతే కాస్త తక్కువగా ఉందనుకోండి, తోకచుక్క 4.6. రెండు మూడు జతలతో చేసి సగటు తీయండి. నక్షత్రాల మాగ్నిట్యూడ్లు స్టెల్లేరియంలో క్లిక్ చేస్తే వస్తాయి. నెట్‌లో చెప్పిన అంకెని ముందే చూసుకుని వెళ్ళొద్దు, మనసు అటే లాగేస్తుంది.

రాసేటప్పుడు టైము యూటీలో (ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైము, మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేస్తే వస్తుంది), రోజులో దశాంశంగా రాస్తారు. 20వ తేదీ 14 గంటల 24 నిమిషాల యూటీ అంటే 20.60. పక్కనే మాగ్నిట్యూడ్, పరికరం, తల వెడల్పు, డీసీ, తోక పొడవు, ఆకాశం ఎలా ఉందో: '20.60, 4.6, 10×50, తల 12 నిమిషాలు, డీసీ 5, తోక 3 డిగ్రీలు, దిగంతంలో మంచు' అన్నంత పొట్టిగా చాలు. ఇక్కడ నిమిషాలు కోణానివి, డిగ్రీలో అరవయ్యో వంతు. తోక పొడవుకి, దాని కొస ఏ నక్షత్రం దగ్గర ఆగిపోయిందో గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చాక మ్యాప్‌లో తల నుంచి ఆ చోటికి కోణం కొలవండి. కనిపించని రోజు కూడా 'కనపడలేదు' అని రాయండి, ఆ వరుసకీ విలువ ఉంది.

9. ఫొటో

ఫోన్ అయితే ట్రైపాడ్ మీద పెట్టి, నైట్ మోడ్, మూడు సెకన్ల టైమర్. సంధ్య వెలుగు కాస్త మిగిలి ఉండగా, ముందు చెట్లో కొండో పెట్టుకుని తీస్తే అందంగా వస్తుంది. కెమెరా అయితే 500ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి, 50 మిల్లీమీటర్లకి 10 సెకన్లు, అంతకు మించితే నక్షత్రాలు గీతలవుతాయి. క్రాప్ సెన్సార్ అయితే ఇంకా తగ్గించండి. ఆటో ఫోకస్ ఆపేసి, ప్రకాశవంతమైన నక్షత్రం మీద లైవ్ వ్యూలో పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయండి, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి, రా ఫైళ్ళలో ఒకటి కాదు ఇరవై ముప్పై తీయండి. ఫొటోల్ని ఒకదాని మీద ఒకటి పేర్చే డీప్‌స్కై స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తోకచుక్క కోసం విడిగా మోడ్ ఉంది, తల మీద జత చేస్తే తోక వివరాలు బయటికొస్తాయి, నక్షత్రాలు మాత్రం గీతలవుతాయి. మొదటి పది నిమిషాలు కెమెరా ముట్టుకోకుండా కళ్ళతో చూడమని నా గట్టి సలహా.

10. మసకబారాక కూడా వదలొద్దు

వార్తల్లోంచి మాయమైన తర్వాత కూడా తోకచుక్క చాలా వారాలు బైనాక్యులర్స్‌కి దొరుకుతుంది, పైగా అప్పటికి ఎత్తుగా, చీకటి ఆకాశంలో, తీరిగ్గా చూసేలా ఉంటుంది. మీ కొలతల్ని కాబ్స్‌లో ఖాతా తెరిచి పంపండి, అంచనా గీతల్ని సరిదిద్దేది ఇలాంటి వందల కొలతలే. ఒక్కోసారి అనుకోనిది కూడా జరుగుతుంది: 17పీ/హోమ్స్ 2007 మేలో సూర్యుణ్ణి దాటి వెళ్ళిపోయి 17వ మాగ్నిట్యూడ్‌కి పడిపోయాక, అక్టోబర్‌లో రెండు రోజుల లోపే 3 కంటే ప్రకాశంగా మారి నగరాల్లోంచి కూడా మామూలు కంటికి కనిపించింది. కాబట్టి మీ పట్టికని మూడు వారాలతో ఆపకుండా ఇంకో నెలకి పొడిగించుకుని, వారానికోసారి కాబ్స్ గ్రాఫ్ చూసుకుంటూ ఉండండి.